గోడ మీద రెండు బొగ్గు వరుసలు

ఇవాళ పొద్దున మా ఇంటి వెనక గోడకు వెల్ల వేయిస్తున్నాను. నానిన సున్నం ఘాటు ముక్కుకు తగిలి వంటింట్లోంచి బయటికి వచ్చాను. కూలికి వచ్చిన మనిషి గోడ మధ్యలో కుంచె ఆపి నిలబడి ఉన్నాడు. "అవ్వా, ఈడ ఏందో బొగ్గుతో రాసి ఉండాది. గీకితే గానీ సున్నం పట్టదు. గీకేదా?" అన్నాడు. "దాని జోలికి పోబాకు. చుట్టూ వేసి అంత మేర వదిలెయ్" అన్నాను. అతను నన్నూ గోడనూ మార్చి మార్చి చూశాడు. రెండు వరుసల ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు. బాగా చదువుకున్నవాళ్లకు కూడా అవి అర్థం కావు. నాకు అవుతాయి. అయ్యేలా చేసిన మనిషి సుందరం సారు.

సారు మద్రాసు విమానాశ్రయంలో వాతావరణం రాసే పని చేసి రిటైరయ్యారు. అరగంటకోసారి ఆకాశం చూసి గాలి, మబ్బు, వాన అన్నీ ఒక్క వరుసలోకి కుదించి పైలట్లకు పంపడం ఆయన ఉద్యోగం. ఉబ్బసానికి సముద్రగాలి మంచిదని ఎవరో చెబితే, ఒక్కరే వచ్చి కోట అనే ఊరి దగ్గర మా పల్లెలో ఇల్లు అద్దెకు తీసుకున్నారు. చేప ముట్టని మనిషి చేపలు పట్టేవాళ్ల మధ్య కాపురం పెట్టాడని మేం నవ్వుకున్నాం. నేను చేపల గంప నెత్తిన పెట్టుకుని కోటకు అమ్మబోతుంటే అరుగు మీద నుంచి రోజూ ఆపేవారు. "చెంగమ్మా, గాలి ఎటు?" నేను చెయ్యి చూపితే ఫోనులో చూసి తలూపేవారు. పది రోజులు ఓర్చుకున్నాను. "ఏం సారూ, చేప కొనరు, చెయ్యి మాత్రం చూపించమంటారు. ఆ ఫోను చెప్తా ఉంటే నేనెందుకు మీకు?" అని అడిగేశాను. "ఫోను మద్రాసు గాలి చెప్తుందమ్మా. నువ్వు ఈ ఊరి గాలి చెప్తావు. రెండూ పక్కపక్కన పెట్టి చూసుకుంటా" అన్నారు. "అయితే నాకూ చూపించండి" అన్నాను. చదువు రాదని ఒప్పుకోవడానికి నేనెప్పుడూ సిగ్గుపడలేదు. అప్పటికి నాకు నలభై ఆరేళ్లు.

అందరికీ అ ఆలతో మొదలవుతుంది, నాకు క్యూతో మొదలైంది. తోక ఉన్న సున్నా కాబట్టి తేలిగ్గా గుర్తుపట్టాను. దాని పక్కన ఉండేది గాలి బరువు లెక్క. "నిన్నటికీ ఇవాళ్టికీ ఆ అంకె బాగా పడిపోయిందా, మీవాళ్లను కదలనీయకు" అనేవారు. దిక్కులు నేర్పడానికి నా గంపనే బోర్లించారు. నీచు వాసనకు ముక్కు చిట్లించుకుంటూనే దాని అంచు చుట్టూ, పుల్లకు పది అంకెల చొప్పున, ముప్పై ఆరు చీపురుపుల్లలు గుచ్చారు. ఉత్తరం సున్నా, తూర్పు తొంభై, గాలి ఏ పుల్ల వైపు నుంచి వస్తే దాని అంకె. టీఎస్ అంటే ఉరుము, ఆర్ఏ అంటే వాన. సీబీ దగ్గరికి వచ్చేసరికి ఆయన గొంతు తగ్గింది. అది నిట్టనిలువుగా పెరిగే మబ్బు, దాని కిందకు విమానమే పోదన్నారు. మా ఆయన సముద్రంలో పోయింది అలాంటి మబ్బు కిందే. నేను చెప్పలేదు. సారుకు ఎవరో చెప్పే ఉంటారు, ఆ రోజు పాఠం అక్కడితో ఆపేశారు. ఏడాది తిరిగేసరికి నా ఫోనులోనే ఆ వరుస తెప్పించుకుని, పొద్దున్నే మా గోడ మీద బొగ్గుతో ఎక్కించేదాన్ని. పడవలకు పోయేవాళ్లు ఆగి అడిగి పోయేవారు. తెలుగు అక్షరాలు ఆ తర్వాత వచ్చాయి.

ఒక్కచోటే మొండికేశాను. వరుస మొదట్లో ఉండే గంట పక్కన జడ్ అని ఉంటుంది. "విమానం ఒక దేశంలో లేచి ఇంకో దేశంలో దిగుతుంది చెంగమ్మా. అందుకని లోకమంతటికీ ఒకటే గడియారం. మన గంట కావాలంటే దానికి అయిదున్నర కలపాలి" అన్నారు. "ఎక్కడో తెల్లోళ్ల గడియారం నాకెందుకు సారూ? పొద్దు చూస్తే నాకు గంట తెలవదా? గాలి సంగతి చెప్పండి, చాలు." "అది లేకపోతే మిగతాదంతా వట్టిది" అని ఆయన అంటూనే ఉన్నారు. నేను ఒక చెవితో విన్నాను.

కార్తీక మాసంలో సారు కంటి ఆపరేషనుకు మద్రాసు పోయారు. ఆయన లేని రెండో రోజు ఉదయం ఆరు దాటాక వరుస వచ్చింది. గంట 0030. గాలి 04018G30KT, అంటే ఈశాన్యం నుంచి బలంగా వీస్తూ ఉండుండి ఇంకా పెద్ద విసురు. తర్వాత ఉరుము, వాన, సీబీ. తలెత్తి చూస్తే మా సముద్రం పళ్లెంలో నీళ్లలా ఉంది. మా తమ్ముడు శీనయ్య ఇంజను భుజాన వేసుకుని వచ్చాడు. "ఏమంటాంది అక్కా నీ ఫోను? పోవచ్చునా?" "రాతిరి పన్నెండున్నరకు గాలి రేగినట్టుండాది. అయిపోయిన మాట. పో." వాడు పోయాడు. నేను గోడ మీద వరుస ఎక్కించి గంప ఎత్తుకున్నాను.

ఎనిమిది కాకముందే ఈశాన్యం నల్లబడింది. కోట దారిలో గంప దించి పరిగెత్తి వచ్చేసరికి అలలు ఒడ్డున ఉన్న పడవల్ని ఊపుతున్నాయి. అప్పుడు, ఆ ఇసుకలో నిలబడి, ఆ సున్నా గంటల ముప్పై నిమిషాలకు అయిదున్నర కలిపాను. ఆరు. అది రాత్రి మాట కాదు. శీనయ్య నన్ను అడుగుతున్నప్పుడు మద్రాసులో వీస్తున్న గాలి. సాయంత్రం నాలుగింటికి శీనయ్య, అతని జట్టు మనిషి దక్షిణం వైపు నుంచి ఒడ్డు వెంబడి నడిచి వచ్చారు. పడవ లేదు, వల లేదు, ఇంజను లేదు. మనుషులున్నారు. మా మరదలు గంగమ్మకు మొక్కుకుంది. నేను నోరు మూసుకున్నాను.

మర్నాడు కంటికి పచ్చ గుడ్డతో సారు దిగారు. ఆయనకు మాత్రం చెప్పాను. తిడతారనుకున్నాను. "ఇది ఇంకెవరికి తెలుసు?" అన్నారు. "మీకూ నాకూ." "గోడ మీద వరుస చెరిపేశావా?" "లేదు సారూ, చెయ్యి రాలేదు." ఆయన అరుగు మీద కూర్చున్నారు. "మా ఆఫీసులో తప్పు పోతే దాన్ని దాచే వీల్లేదమ్మా. సరైన వరుస మళ్లీ రాసి, ముందు సీఓఆర్ అని మూడక్షరాలు పెట్టి పంపాలి. దిద్దుబాటు అని అర్థం. అవి రాయడం ఎవరికీ ఇష్టం ఉండదు. నేను రెండుసార్లు రాశాను. పైలట్ ఎక్కడో పైన ఉంటాడు, నీ ముఖం ఎరగడు, నీ వరుసనే నమ్ముకుంటాడు. రేపు మళ్లీ నమ్మాలంటే ఇవాళ తప్పని చెప్పాలి గదా." "శీనయ్య ఇంక నా ముఖం చూడడు సారూ." "చూడకపోతే చూడకపోనీ. చెప్పు."

ఆ సాయంత్రం పడవలవాళ్లందరూ ఉండగా శీనయ్యను గోడ దగ్గరికి పిలిచాను. పాత వరుస కింద సీఓఆర్ అని పెట్టి, ఉదయం ఆరు అని మన గంట వేసి, మిగతాదంతా మళ్లీ రాశాను. ఏం జరిగిందో చెప్పాను. వాడు గోడ వైపు తిరిగాడు. "నిన్నటి నుంచి గంగమ్మను తిడతా ఉండానే అక్కా. తిట్టాల్సింది నిన్నా?" అని వెళ్లిపోయాడు. వేసవిలో వేట నిషేధం వచ్చి పోయేదాకా మా గడప తొక్కలేదు. మళ్లీ పడవలు దిగిన మొదటి రోజు, గోడ ముందు అందరి వెనకా నిలబడి అరిచాడు. "ఏమంటాంది ఫోను? అయిదున్నర కలిపినావా, లేక నన్ను కలిపేస్తావా సముద్రంలో?" అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఏడ్చాను.

సారు పోయి మూడేళ్లయింది. మద్రాసు నుంచి వాళ్ల అమ్మాయి ఫోను చేస్తే, ఎన్ని గంటలకు పోయారని అడిగాను. ఇదేం ప్రశ్న అనుకుని ఉంటుంది. ఇప్పుడు ఎవరు ఏ కబురు తెచ్చినా, మంచిదైనా చెడ్డదైనా, ముందు ఇది ఎప్పటి మాట అని అడుగుతాను. మావాళ్లు విసుక్కుంటారు. విసుక్కోనీ.

వెల్ల పూర్తయింది. తెల్లటి గోడ మధ్యలో చేటంత మురికి మచ్చ, అందులో రెండు వరుసలు. పొద్దు వాలాక శీనయ్య వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని చూశాడు. తల నెరిసిపోయింది వాడికి. వికారంగా ఉంది, గీకించేయరాదా అంటాడనుకున్నాను.

"సున్నం ఆరనీ అక్కా," అన్నాడు, "ఇంకా నల్లగా కనపడతాయి."