పత్తి కుప్పలోంచి అత్తమ్మ తీర్పు

పోయిన పత్తి సీజన్‌లో మా ఆటోమేటిక్ డీజిల్ జీపు ట్రాలీని లాగలేక మొరాయించింది. ఇంజిన్ బలాన్ని గేర్లకు అందించే టార్క్ కన్వర్టర్ పోయిందట. కొత్తది కంపెనీదే చాలని నేను, ఇంకా గట్టి రకం కావాలని మా ఆయన. నర్సంపేట మెకానిక్ గట్టి రకం బిగించిన తన బండికే మా ట్రాలీ తగిలించి చూడమన్నాడు.

అత్తమ్మ ట్రాలీలో నింపిన పత్తి మీదెక్కి కూర్చుంది. మా ఆయన మా జీపు అలవాటుకొద్దీ యాక్సిలరేటర్ గట్టిగా తొక్కాడు. బండి ఒక్కసారిగా ముందుకు దూకింది. ట్రాలీ వెనక తలుపు ఊడిపోయింది. వెనక్కి చూస్తే రోడ్డు మీద పత్తి కుప్ప ఉంది, అత్తమ్మ లేదు!

ఏడుస్తూ కుప్పను తవ్వాను. లోపల్నుంచి కిలకిలా నవ్వు. జుట్టు నిండా పత్తితో తల పైకెత్తి, “గిదే తీస్కో కొడుకా! గుంజితే గిట్ల గుంజాలె!” అంది.

గట్టి రకమే వేయించాం. అత్తమ్మ మాత్రం ఆనాటి నుంచి ముందు సీటు వదలదు. పత్తి మీద ఇప్పుడు నేనే కూర్చుంటున్నాను.