అమ్మ వేసిన ఓటు... నేను దాచిన రంగు

మా చిన్నప్పుడు... ఆకివీడులో ఓట్ల రోజు. బడి అరుగు మీద నాన్న చెయ్యి పట్టుకుని నిలబడ్డాను. అమ్మ ఓటు వేయడానికి లోపలికి వెళ్ళింది.

నాకప్పుడు ఏడేళ్ళు. ఇప్పుడు తొంభై అయిదు... నేను చెబుతుంటే మనవరాలు టైపు చేస్తోంది.

అప్పుడు మనది మద్రాసు రాజధాని, అంటే ఇంగ్లీషువాళ్ళ ప్రెసిడెన్సీ. చెన్నపట్నం శాసనసభకి ఎన్నికలు. చదవడం, రాయడం వచ్చిన ఆడవాళ్ళకీ ఓటు ఇచ్చారు. అమ్మ ఏలూరులో మిషన్ బడిలో చదువుకుంది. మా ఊళ్ళో ఓటున్న ఆడమనిషి తనొక్కతే.

ఒక్కో అభ్యర్థికి ఒక్కో రంగు పెట్టె. జమీందారుగారిది ఎరుపు, ఆయనకి పోటీగా నిలబడ్డాయనది పసుపు. జిల్లా బోర్డులో చెల్లేది జమీందారుగారి మాటే, కాదంటే బోర్డు స్కూలు పంతులైన మా నాన్న ఉద్యోగం ఉండదని ఊరంతా అనుకునేవారు.

ముందురోజు వంటింట్లో అమ్మ మెల్లగా అంది... "నేను పసుపు పెట్టెలోనే వేస్తానండి."

"తెలిస్తే మన గతేంటే?" అన్నారు నాన్న.

అమ్మ గుమ్మంలో ఉన్న నన్ను చూసింది. "ఎవరితోనూ అనకమ్మా" అంది.

అరుగు మీద జమీందారుగారి గుమాస్తా నా ముందు గొంతుక్కూర్చున్నాడు. చేతిలో బెల్లం జీడి పెట్టాడు.

"మీ అమ్మగారు ఏ రంగు పెట్టె అన్నారమ్మా?"

నాన్న నా చెయ్యి నొక్కారు.

"తెలీదండి... మా అమ్మ నాతో ఏవీ చెప్పదండి."

"నిజం చెప్పు" అని గడ్డం పట్టుకున్నాడు. భయంతో నా పరికిణీ తడిసిపోయింది. అతను ఛీ అంటూ లేచి అవతలికి పోయాడు.

బయటికొచ్చిన అమ్మ, తడిబట్టలతో ఉన్న నన్ను అలాగే ఎత్తుకుంది. పడవ రేవు దాటాక చెవిలో చెప్పాను... "నేను చెప్పలేదమ్మా." అమ్మ నన్ను గట్టిగా హత్తుకుని ఏడ్చేసింది.

ఆ తర్వాత ఎవరు తలుపు కొట్టినా ముగ్గురం ఉలిక్కిపడేవాళ్ళం. రెండు నెలలకి కొల్లేటి లంకలో బడికి నాన్నని బదిలీ చేశారు. ఓటు వల్లేనా... ఎవరూ చెప్పలేదు. "ఉద్యోగమైతే ఉంది కదండీ" అంటూ అమ్మ సామాను సర్దింది.

ఆ రాజధానీ లేదు, జమీందారులూ లేరు. ఇప్పుడు మా మనవరాళ్ళు ఓటు వేసొచ్చి, సిరా వేలితో నవ్వుతూ ఫొటోలు దిగుతుంటే చూడముచ్చటగా ఉంటుంది...

మీ ఇంట్లో మొదట ఓటు వేసిన ఆడమనిషి ఎవరండీ? ఆవిడ ఉంటే ఇవాళే అడిగి, ఇక్కడ రాయండి. ఆ ఓటు గదిలో ఒక్కదానివే ఉన్నప్పుడు నీకూ భయమేసిందా అమ్మా అని... నేను మా అమ్మని అడగనేలేదు.