అక్క చూసిందా?

మా చిన్నప్పుడు... అంటే మరీ లాంతరు రోజులేం కాదులెండి. తెలంగాణ వచ్చిన మూడేళ్లకు, నేను ఆరో తరగతిలో ఉండగా, మోత్కూరులోని మా ఇంటికి మొదటి టచ్ ఫోన్ వచ్చింది. పగలంతా అమ్మ దగ్గర, సాయంత్రం కాగానే బాపు చేతిలో.

ఆ ఏడే షాద్‌నగర్‌లో ఉండే మా పెద్దమ్మ, అంటే అమ్మ సొంతక్క, కూతురు స్వాతి పెళ్లి పెట్టుకుంది. పనుల హడావుడిలో ఇంటికి రాలేక పెళ్లిపత్రిక ఫోన్లో పంపింది. అంతే... బాపు అగ్గిమీద గుగ్గిలమయ్యాడు.

"బొట్టు పెట్టి పిలువనోళ్ల పెండ్లికి మనం పోవుడేంది? ఫోన్ల పిలుస్తరా? మనకు ఇజ్జత్ లేదా? ఇయ్యాల్టి సంది ఆ ఇంటితోని మాటలు బంద్!"

పంతం బాపుది, నోరు మూతపడింది మాత్రం అమ్మకు. ఎవరెవరికి కాల్ చేశామో బాపు రోజూ సాయంత్రం ఫోన్లో చూసేవాడు. పాపం, ఆయనకు వాట్సాప్ స్టేటస్ సంగతి తెలియదు!

స్వాతక్క పెళ్లిని అమ్మ స్టేటస్‌లోనే చూసింది. తలంబ్రాలు పోసే చిన్న ముక్కను నాతో మళ్లీ మళ్లీ పెట్టించుకుంది. తర్వాత్తర్వాత మేమూ మొదలుపెట్టాం... అమ్మ మక్కగారెలు చేస్తే నేను ఫొటో తీసి పెట్టేదాన్ని. అవంటే పెద్దమ్మకు ప్రాణం. కాసేపటికి అమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చేది.

"అక్క చూసిందా?"

"చూసిందమ్మా."

ఆ మాటకే అమ్మ మొహం విప్పారేది. నాకు మాత్రం ఒళ్లు మండేది. బస్సెక్కితే ఒక పూట ప్రయాణం... సొంత అక్కను పలకరించడానికి ఈ దొంగచాటు ఏంటి?

ఒకరోజు పెద్దమ్మ స్టేటస్‌లో ఒక చెయ్యి... సూది గుచ్చి, సెలైన్ ఎక్కుతున్న చెయ్యి. కింద ఒక్క మాట లేదు. గాజులు చూసి అది అక్క చెయ్యేనని అమ్మ గుర్తుపట్టింది.

"ఏమైంది బిడ్డా? ఏ దవాఖాన్ల ఉన్నదో ఏమో... జర మంచిగ చూడు" అని నన్నే అడిగింది. ఫోన్ చేతిలోనే ఉంది, నంబరూ ఉంది. అమ్మ వేలు నంబరు దాకా వెళ్లేది, బాపు గుర్తొచ్చి వెనక్కి వచ్చేది. వాకిట్లోకి పోయేది, మళ్లీ లోపలికి వచ్చేది. తలుపులన్నీ తీసే ఉన్నాయి... అయినా మా అమ్మ ఆ ఇంట్లో బందీ.

మా స్టేటస్ చూసినవాళ్లలో పెద్దమ్మ పేరు చాలా రోజులు కనిపించలేదు. కనిపించిన రోజు అమ్మ పొయ్యి ముందు కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది.

కొన్నేళ్లకు బాపు, పెదనాయన చుట్టాలింట్లో ఎవరి దినాలకో ఎదురుపడ్డారు. "ఏందన్నా, మంచిగున్నవా?" "ఆఁ, మంచిగున్న తమ్మీ"... అంతే, ఆ పంతమంతా ఎటుపోయిందో! ఇంటికొచ్చి బాపే నంబరు కలిపి అమ్మ చేతికిచ్చాడు. ఇక అక్కాచెల్లెళ్లకు పొద్దే తెలియదనుకున్నాం.

"అక్కా... మంచిగున్నవా?"

"మంచిగున్న. నువ్వు?"

"స్వాతికి బిడ్డ పుట్టింది గదా. చూసిన."

"మీ ఇంటికి కొత్త రంగేసిండ్రు గదా. నేను గూడ చూసిన."

"గప్పుడు సెలైన్ ఎక్కిచ్చిండ్రు... ఏమైందక్కా?"

"అదా... అదెప్పుడో తక్కువైంది తియ్యి."

రెండు నిమిషాలు కూడా కాలేదు. "ఉంట మరి" అని పెట్టేశారు.

ఇప్పుడు ఎవరి ఫోన్ వాళ్లకుంది, వద్దనే వాళ్లూ లేరు. మొన్న ఊరెళ్లినప్పుడు "పెద్దమ్మకు ఫోన్ చెయ్యరాదే అమ్మా" అన్నాను.

"ఏం మాట్లాడాలె బిడ్డా? దినాం చూస్తనే ఉన్న గదా" అంది, తెర మీద వేలు జరుపుతూ.

అప్పుడు మాట్లాడనివ్వట్లేదని ఏడ్చింది. ఇప్పుడు మాట్లాడకపోయినా ఏడుపు రావట్లేదు. నాకు ఇదే భయంగా ఉంది.

మీకూ ఇలా రోజూ చూస్తూనే గొంతు మర్చిపోయిన మనిషి ఉంటే... ముందు వాళ్లకో ఫోన్ కొట్టండి. తర్వాత వచ్చి, ఏమేం మాట్లాడుకున్నారో కింద రాయండి... మా అమ్మకు చదివి వినిపిస్తాను.