తొరుకు పాట

అర్థం లేని పాటలు కట్టి జనాన్ని నవ్వించడం నా పని. అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో కాలేజీలు మూతపడ్డప్పుడు జనగామలో మొదలైంది. మీటింగులకు నాయకుడు ఎప్పుడూ ఆలస్యంగానే వచ్చేవాడు. అందాకా జనం లేచిపోకుండా నన్ను మైకు ముందు నిలబెట్టేవాళ్లు. ఓసారి ఆయన వచ్చి మైకు అందుకోబోతుంటే ముందు వరసలోంచి ఒక ముసలాయన అరిచాడు: "గా నాయకున్ని జర కూసోమనుండ్రి, తొరుకు పాట కానియ్యి!" ఆ నాయకుడు నన్ను మళ్లీ పిలిపించలేదు.

ఆ పాట ఇదీ:

తొరుకు మీద బొడుము లేసె,
బొడుము మీద గిలుము గాసె,
గిలుము తెంపి కూర వండితె
తొరుకె లేదు, ఎట్ల తిందు!

తొరుకు అంటే ఏమీ లేదు. బొడుము, గిలుము కూడా అంతే. నోటికి బాగున్నాయని పుట్టించాను. దంతాలపల్లిలో వ్యవసాయం చేసుకునే మా బాపు ఎన్నిసార్లు విన్నా దీనికి నవ్వేవాడు. "ఎట్ల తిందు" దగ్గర తనూ గొంతు కలిపేవాడు. ఈ పాట రేడియోలో రావాలని, ఊళ్లో నలుగురి మధ్య కూర్చుని బాపు వినాలని నాకు పిచ్చి కోరిక ఉండేది.

కొన్నేళ్లకు పట్నంలో రేడియో వాళ్లు పరీక్షకు పిలిచారు. బల్ల వెనక ముగ్గురు పెద్దమనుషులు. ముగ్గురిదీ కోస్తా భాష. నాకు గొంతు ఆరిపోయి, "సార్, జర నీళ్లిప్పిస్తరా?" అన్నాను. ముగ్గురూ పగలబడి నవ్వారు. శకునం బాగుందనుకుని నీళ్లు తాగి పాట అందుకున్నాను. ఎవరూ నవ్వలేదు. మధ్యలో కూర్చున్నాయన కళ్లజోడు సవరించుకుని పెన్ను తీశాడు.

"తొరుకు అంటే మీ వైపు జొన్నరొట్టె కాబోలు?"

"కాదు సార్, గది ఏం కాదు. ఉత్తగనే పుట్టించిన."

"మొహమాటపడకండి. చక్కటి మాండలికం. మరి బొడుము అంటే?"

ఎంత చెప్పినా నమ్మలేదు. నేను పుట్టించిన మాటల్ని మా ఊరి మాటలని రాసుకున్నాడు. మా ఊరి మాటలకేమో పడి పడి నవ్వాడు. చివరికి పాట వద్దన్నారు. నేను నీళ్లడిగిన తీరు నచ్చిందట, హాస్యనాటకంలో పాలేరు వేషం ఇచ్చారు. రేడియోలో గొంతు వస్తే అదే పదివేలనుకుని ఒప్పుకున్నాను.

ముందే రికార్డు చేసిన ఆ నాటకం వచ్చిన సాయంత్రం నేనూ ఊళ్లోనే ఉన్నాను. పంచాయతీ రేడియో ముందు బాపును కుర్చీ వేసి కూర్చోబెట్టారు. నా వంతు వచ్చింది. "అయ్యా, గొడ్లకు నీళ్లు వెట్టిన. ఇగ ఏం జెయ్యమంటరు?" అంతే, రేడియోలో ఒకటే నవ్వులు. పంచాయతీ ముందు ఎవరూ నవ్వలేదు. నవ్వొచ్చే మాట ఎప్పుడొస్తుందా అని అందరూ చెవులొగ్గి కూర్చున్నారు.

బాపు నా వైపు తిరిగాడు. "గీ మాటకు గంతగనం ఎందుకు నవ్వుతున్నరు బిడ్డా? మనం గట్లనే అంటం గద?"

సిగ్గుతో నాకు ఏడుపొచ్చింది. "వేరే స్టేషన్ కలిసినట్టున్నది బాపూ," అని గొణిగి, లేచి రేడియో ఆపేశాను.

"మంచిపని జేసినవ్," అన్నాడు బాపు. "ఇగ తొరుకు పాట పాడు. గదైతే నాకు సమజైతది."