సోమయ్య టైమింగ్

ఖమ్మంలో పాత డ్రైవర్ల నోట ఒక మాట ఉంది. ఎవరైనా పని చెడగొడితే "సోమయ్య టైమింగ్ పెట్టిండు" అంటారు. మోటారు కాలినా అదే మాట, విందులో అన్నం మాడినా అదే మాట. ఆ మాట పుట్టించింది నేనే.

పోయిన నెల నా పాత పెట్రోలు అంబాసిడర్‌ను ఖమ్మంలో ఒక గ్యారేజీకి తీసుకెళ్లాను. ఎత్తు ఎక్కుడు వస్తే లాగదు, ఎక్సిలరేటర్ వదిలితే టపటపా పేలుతుంది. మెకానిక్ బానెట్ ఎత్తి కాసేపు విని, చేతులు తుడుచుకున్నాడు. "తాతా, ఇది మొత్తం సోమయ్య టైమింగ్ అయింది. ఈ కార్బురేటర్ మాకు తెల్వదు. డీజిల్ ఇంజన్ ఏయించుకో."

"సోమయ్య అంటే ఎవరో తెలుసా నీకు?" అన్నాను.

"ఎవరేంది? గదొక మాట."

నాకు తల కొట్టేసినట్టయింది. మనిషిని మరిచిపోయి మాటను మిగుల్చుకున్నారన్నమాట.

జరిగింది చెప్తాను. ముప్పై ఏళ్ల కింద ఖమ్మం టాక్సీ స్టాండులో అందరూ పెట్రోల్లో రేషన్ కిరసనాయిలు కలిపేవాళ్లు. స్టాండు పక్కనే సోమయ్య షెడ్డు. ఆయన ఏ బండి మీదా చెయ్యి వేయకముందు ఒకటే అడిగేవాడు: "ఏం పోస్తున్నవ్?" కిరసనాయిలు అంటే టైమింగ్, అంటే ఇంజన్లో నిప్పురవ్వ పడే వేళ, కొంచెం వెనక్కి పెట్టేవాడు. పెట్రోలు అంటే ముందుకు పెట్టేవాడు. కిరసనాయిలు బండికి అలా ముందుకు పెడితే ఇంజన్ కాలుతుంది. నేను మాత్రం నా బండి అచ్చంగా పెట్రోలు మీదే నడుస్తుందని స్టాండంతా గొప్పలు చెప్పుకున్నవాణ్ణి. ఆయన అడిగితే "పెట్రోలే" అన్నాను. ఆయన పెట్రోలుకు పెట్టాడు. వారం తిరక్కుండా పాల్వంచ దాటాక ఇంజన్ కటకటలాడి పిస్టన్‌కు చిల్లు పడింది. స్టాండుకొచ్చి అందరి ముందూ సోమయ్య తప్పుడు టైమింగ్ పెట్టి నా ఇంజన్ కాల్చాడని అరిచాను. ఏడాదిలో ఆయన షెడ్డు మూతపడింది. భార్య తరఫు వాళ్ల ఊరు, దుమ్ముగూడెం అవతల అడవి అంచుకు వెళ్లిపోయాడు.

ఇప్పుడు ఆయన దగ్గరికే బయల్దేరాను. క్షమాపణ అడగాలని ఉంది. కానీ నిజం చెప్పొద్దూ, ఆ కార్బురేటర్ సంగతి తెలిసినవాడు ఇంకొకడు దొరికుంటే వెళ్లేవాణ్ణి కాదు.

ఇప్పుడు నేనుంటున్న మధిరలో పొద్దున అయిదున్నరకు బండి తీశాను. ఏడుంపావుకు ఖమ్మంలో ఇడ్లీ తిన్నాను. చట్నీ నీళ్లలా ఉంది. పది దాటాక కొత్తగూడెం. బొగ్గు లారీల వెనకపడితే ఇక ముందుకు పోయేదే లేదు. పాల్వంచలో రేడియేటర్ మరిగింది. పాత బండ్లలో వచ్చేవాళ్లు ఇక్కడ ఆగి నీళ్లు పోసుకోవడం మంచిది. నేను ముప్పావుగంట రోడ్డు పక్కన కూర్చుని, వచ్చేపోయేవాళ్ల సలహాలన్నీ విన్నాను.

సారపాకలో చింతపండు గంపతో ఒకావిడ చెయ్యెత్తింది. కోయగూడెం మనిషి, దుమ్ముగూడెం అవతలి దాకా వస్తానంది. వంతెన దాటేటప్పటికి పన్నెండున్నర. గోదావరి పలచగా, ఇసుక మేటల మధ్య పారుతోంది. భద్రాచలంలో ఇద్దరం భోజనం చేశాం. పప్పు బాగుంది, కూర బాగాలేదు.

మళ్లీ బండి ఎక్కాక ఆవిడే అంది. "నీ బండికి దగ్గు పట్టింది బాబాయ్. మా సోమయ్య తాతకు చూపించు. మా ఊరి పంపుసెట్లు అన్ని ఆయనే చేస్తడు. అబద్ధం చెప్తే మాత్రం చెయ్యడు."

నేను రోడ్డు చూస్తూ గేరు మార్చాను.

రెండున్నరకు ఆవిడ చూపించిన రేకుల షెడ్డు ముందు ఆపాను. సోమయ్య పంపు విప్పుకుని కూర్చున్నాడు. బక్కచిక్కాడు. నా మొహం కంటే ముందు బండి చప్పుడునే గుర్తుపట్టాడు.

"వీరయ్యా, దీన్ని ఇంకా అమ్మలేదా?"

"లేదన్నా."

లేచి వచ్చి బానెట్ మీద చెయ్యి పెట్టాడు. "ఏం పోస్తున్నవ్?"

"పెట్రోలే అన్నా."

"అప్పుడు గూడ గిదే చెప్పినవ్."

పని మొదలుపెట్టాడు. నిప్పురవ్వ పుట్టించే పాయింట్లు గీకి, మధ్యలో సందు సరిచూశాడు. చిన్న బల్బు ఒక వైరుకు కట్టి, ఆ రవ్వను పంచే డిస్ట్రిబ్యూటర్ని వెంట్రుకవాసి తిప్పుతూ, బల్బు వెలిగిన చోట బిగించాడు. తర్వాత పెట్రోలు, గాలి కలిపే కార్బురేటర్. లోపలి పిస్టన్ని వేలితో కొంచెం లేపి వినడం, కింద నట్టు ఒక పలక తిప్పడం, మళ్లీ లేపి వినడం. లేపినప్పుడు ఇంజన్ పడిపోతే పెట్రోలు చాలనట్టు, పెరిగి అలాగే ఉంటే ఎక్కువైనట్టు. ఆరేడుసార్లు అలా చేశాక చప్పుడు కొంచెం లేచి, సర్దుకుని, నిలబడింది. ఇలాంటి చెవి ఉన్నవాణ్ణి నేను ఊళ్లోంచి వెళ్లగొట్టాను.

దుమ్ముగూడెం రోడ్డు ఎక్కుడులో టాప్ గేరులో నడిపించి చూశాడు. ఇంజన్ ఒక్క క్షణం చిన్నగా కటకటమంది, ఆ చప్పుడు వెంటనే పోయింది. "గంతే ఉండాలె," అన్నాడు.

అప్పుడు నోరు తెరిచాను. "అన్నా, ఆ రోజు కిరసనాయిలు కలిపిన. నీకు చెప్పలే. తప్పు నాది."

"ఎరికే. ఆ రోజే వాసన పట్టిన. ఇయ్యాల్నో రేపో నువ్వే చెప్తవని చూసిన. పంతం తోని నేను గూడ పెట్రోలుకే పెట్టిన." పానా సంచిలో వేశాడు. "నాకు తెల్సిందే మళ్ల నాకు చెప్తే ఏం లాభం వీరయ్యా? స్టాండుల చెప్పు. మొన్న మా మనవడు కాలేజీ కాడ గా టైమింగ్ మాట ఇని ఇంటికొచ్చి అడిగిండు, తాతా గది నువ్వేనా అని."

రేపే చెప్తానన్నాను. మామూలు కూలి తీసుకున్నాడు, ఒక రూపాయి ఎక్కువ ముట్టలేదు. నా ఫోన్ నంబరు మాత్రం రాసుకున్నాడు.

ఆ రాత్రి భద్రాచలంలో లాడ్జి. దోమలు. పొద్దున ఆరుకు బయల్దేరితే బండి పాల్వంచ, కొత్తగూడెం ఎక్కడా ఆగకుండా తొమ్మిదిన్నరకల్లా ఖమ్మం చేరింది. స్టాండులో పాతవాళ్లు ముగ్గురే ఉన్నారు. ఇంజన్ చప్పుడు వినగానే యాదగిరి లేచి వచ్చాడు. నాతో పాటే టాక్సీ నడిపినవాడు.

"ఏం నడుస్తుంది వీరన్నా! ఎవరు చేసిన్రు?"

"సోమయ్య," అన్నాను. ఉన్నదంతా చెప్పాను. కిరసనాయిలు నేనే కలిపాను, ఆయన్ని మోసం చేశాను, ఆయన తప్పేమీ లేదు.

యాదగిరి నవ్వాడు. "ఊకోవే! ముసలోడయిండని జాలిపడి తప్పు నీ మీదేసుకుంటున్నవా? కిరసనాయిలు అందరం కలిపినం. మా ఇంజన్లు కాలినయా?"

"మీరు ఆయనకు చెప్పిన్రు. నేను చెప్పలే. అందుకే కాలింది."

"సూడున్రి రా," అని కుర్ర ఆటోవాళ్లను పిలిచాడు. "ఇంజన్ కాల్చినోణ్ణి గూడ ఎనకేసుకొస్తున్నడు. మనిషంటే గిట్లుండాలె." ఒక ఆటో అబ్బాయి నాకు దండం పెట్టాడు. ఒట్టేసి చెప్తున్నానన్నాను. "అవ్ అవ్, నీది పెద్ద మనసే," అంటూ టీ తెప్పించారు. మూడోసారి చెప్పడానికి నాకు ఓపిక లేకపోయింది. వాళ్లు పొగుడుతుంటే, సిగ్గు లేకుండా ఆ టీ తాగాను.

ఇంటికి పోతూ పదకొండున్నరకు బోనకల్ దగ్గర బండి పక్కకు ఆపి నీళ్లు తాగుతుంటే ఫోన్ మోగింది. సోమయ్య.

"చెప్పినవా?"

"చెప్పినన్నా."

"ఏమన్నరు?"

ఇంజన్ ఆపలేదు. తేడా లేకుండా తిరుగుతోంది. ఆయన అటువైపు ఊపిరి బిగబట్టినట్టు తెలుస్తూనే ఉంది.

"నమ్మిన్రన్నా," అన్నాను.

ఆయన ఫోన్ పెట్టేయడం మరిచిపోయాడు. లోపలున్న భార్యకు వేసిన కేక నాకు వినిపించింది. "ఓ సీతమ్మా! ఇన్నవానే? నమ్మిన్రంట!"