శుక్రవారం పాట ముందు ఎవరు పంపాలి

రెండు వేల ఇరవై మూడు జూన్ రెండు, శుక్రవారం, ఉదయం పదకొండు గంటల నలభై నిమిషాలకు మా వియ్యపురాలు ఫోన్ చేసింది. నిమిషాలతో సహా చెప్పడం నాకు గొప్ప కాదు, అలవాటు. ముప్పై ఒక్క ఏళ్ళు రైల్వే ఎంక్వయిరీ కిటికీ వెనక కూర్చుని ఏ బండి ఎంత లేటో చెప్పినదాన్ని.

“వదినా, ఒక పాట పంపినాను, సూసినావేటి?”

“ఏం పాట?”

“నాకేటి తెలుసు! ఒకటయిపోతే ఫోను దానంతటదే ఇంకోటి ఎత్తుకున్నాది. ఏ దేశమోలో. ఆ డప్పులు ఇను. మన తప్పెటగుళ్ళోలు గానీ ఆ దేశమెల్లిపోనారేటి?”

మా అమ్మాయికీ వాళ్ళబ్బాయికీ పెళ్ళయి అప్పటికి నాలుగు నెలలు. పిల్లలిద్దరూ విశాఖపట్నంలో ఉద్యోగాలు చేసుకుంటున్నారు. ఆవిడది నౌపడ దగ్గర పల్లె. వాళ్ళ వరిచేలు దాటితే ఉప్పు మళ్ళు. నేను విజయనగరంలో రెండు గదుల వాటాలో ఒక్కదాన్నే ఉంటాను. మా ఆయన పోయి చాలా ఏళ్ళయింది.

మా వైపు వియ్యపురాళ్ళంటే ఒకరినొకరు ఆటపట్టించుకోవాలి. పెళ్ళిలో ఆవిడ నా చేతి గడియారం మీద పాట కట్టి పాడింది. ముహూర్తం రెండు నిమిషాలు దాటిపోయిందని నేను పురోహితుడితో అన్నానట. అన్నాను, దాటింది కూడా. పందిరంతా నవ్వింది. ఆ తర్వాత నాలుగు నెలలు మా మధ్య మాటలు లేవు. ఆ శుక్రవారం ఫోనే మొదటిది.

ఆ పాట విన్నాను. ఆఫ్రికా వాళ్ళది. వివరాల్లోకి వెళ్ళి చూస్తే అది విడుదలైంది ఆ రోజే. ఇంకో నాలుగు దేశాల కొత్త పాటలు వెతికాను. అవీ ఆ రోజువే. కొత్త పాటలు చాలా దేశాల్లో శుక్రవారమే వదులుతారని అప్పుడు తెలిసింది. ప్రపంచంలో ఇన్ని బళ్ళు ఒకే రోజు టైముకి బయలుదేరుతుంటే ఆ సంగతి ఇన్నాళ్ళూ నాకు తెలియకపోవడం ఏమిటని నొచ్చుకున్నాను. ఒక పియానో పాట ఏరి ఆవిడకి తిరుగు పంపాను.

సాయంత్రం మళ్ళీ ఫోను.

“నీ పాట ఇన్నాను వదినా. ఇంట్లో ఎవలూ లేనప్పుడు పిల్లి గిన్నెల మీద నడిసినట్టున్నాది.”

నాకు కోపం రావాలి. నవ్వొచ్చింది.

రెండో వారానికి నియమాలు పెట్టాను. పాట ఆ వారంలో విడుదలైనదే కావాలి. వరసగా రెండు వారాలు ఒకే రకం పంపకూడదు. మధ్యలో ఆపకుండా చివరిదాకా వినాలి. ఆవిడ ఒక్క నియమమే పెట్టింది.

“సారైనా పాటైనా ఆడపిల్లోలే ముందెట్టాల. నువ్వు పంపినాకే నేను పంపుతాను.”

“మరి మొదటిది నువ్వే పంపావు కదా?”

“అది లెక్కలోకి రాదు. అది ఫోను పంపినాది.”

అలా శుక్రవారం ఉదయం నేను ముందు, మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆవిడ. కొరియా పిల్లల గంతుల పాటలు, ఊద్ అన్న పేరు చూసి ఊదేదనుకుని నేను పొరబడ్డ అరబ్బుల తీగల వాయిద్యం, ఒడియా జానపదాల మీద కంప్యూటర్ దరువులు, గజళ్ళు, మద్రాసు కుర్రవాళ్ళ ర్యాప్, కీర్తనకి గిటారు జోడించినవి. వెతకడానికి నాకు గురువారం, శుక్రవారం ఉదయం సరిపోయేవి కావు. ఆవిడ వెతికేది కాదు. గట్టు మీద ఫోను పెట్టి వదిలేసేది. ఏది వచ్చి చెవిలో పడితే అది పంపేది. చాలాసార్లు ఆవిడదే బాగుండేది. ఆ మాట నేను ఒప్పుకోలేదు, ఆవిడా అడగలేదు.

ఆవిడ తీర్పు ఎప్పుడూ రెండుసార్లు వచ్చేది. మొదటిది ఎకసక్కెం. రెండోది కాసేపాగి, గొంతు తగ్గించి. ఒకసారి నార్వే వాళ్ళ మెటల్ పాట పంపాను. గిటార్లు, అరుపులు.

“ఇదేటి వదినా, బోరు మోటారు కాలిపోయినట్టున్నాది” అంది. గంటన్నర తర్వాత మళ్ళీ చేసింది. “మల్లీ ఇన్నాను. ఆడికి కోపం కాదే. ఆడు ఏడస్తన్నాడు.”

నేను ఆ పాట మళ్ళీ పెట్టి చూశాను. నిజమే.

సాక్సాఫోన్ ఒక్కటే ఉన్న జాజ్ పాట పంపితే, పెళ్ళి బేండులో అందరూ భోజనానికి వెళ్ళిపోయాక ఒక్కడే పందిట్లో ఉండిపోయి వాయిస్తున్నట్టుందని చెప్పింది. ఆ వాద్యం మీద పత్రికల్లో చదివింది చాలా ఉంది కానీ, ఇప్పుడు అది ఎక్కడ వినబడినా నాకు ఖాళీ బంతి చాపలే కనిపిస్తాయి.

మరుసటి ఏడు దసరాకి ఆవిడకొక స్పీకరు పెట్టాను. ఎర్రది, కొబ్బరికాయంత ఉంటుంది. ఫోనుకి తీగ లేకుండా పలుకుతుంది.

పిల్లలకి పడలేదు. ఎవరి తప్పో నేను అడగలేదు, అమ్మాయి చెప్పలేదు. రెండు వేల ఇరవై అయిదు జనవరి ముప్పై ఒకటి, శుక్రవారం, మేం పాటలు మార్చుకున్న ఆఖరి రోజు. ఆ మర్నాడే పెద్దలు కూర్చున్నారు. ఎవరి సామాను వాళ్ళకి, ఇకమీదట మాటలూ రాకపోకలూ వద్దని తేల్చారు. పాటల ఊసు అక్కడెవరికీ తెలియదు కనుక దాని గురించి ఎవరూ ఏమీ తేల్చలేదు.

ఫిబ్రవరి తొమ్మిదిన, ఆదివారం, వాళ్ళూరి నుంచి వ్యానులో సామాను వచ్చింది. మేం పెట్టినవన్నీ ఉన్నాయి. బీరువా, మంచం, మిక్సీ, ఇత్తడి బిందెలు రెండు. పెద్ద బిందె దింపుతుంటే లోపల ఏదో దొర్లింది. చెయ్యి పెట్టి తీశాను. ఎర్ర స్పీకరు.

అది పెళ్ళి సామాను కాదు. నేను ఆవిడకి విడిగా పెట్టినది. అదీ తిరిగి వచ్చిందంటే ఇంక చెప్పడానికేముంది? ఆవిడ ఆఖరి తీర్పు ఇదేనని అనుకున్నాను. ఈసారి ఒక్కసారే చెప్పేసిందని కూడా అనుకున్నాను.

శుక్రవారాలు మాత్రం ఆగలేదు. పాటలు టైముకి వస్తూనే ఉన్నాయి. వింటూ ఒకటి ఏరి పక్కన పెట్టేదాన్ని. మా వీధి ఆడవాళ్ళ గ్రూపులో ఒకసారి బ్రెజిల్ పాట పెట్టాను. ఏడుగురు దండాలు పెట్టారు, ఇద్దరు పువ్వులు పెట్టారు. ఎవరూ విన్నట్టు లేదు. అమ్మాయికి పంపితే “బాగుందమ్మా” అని నిమిషంలో జవాబిచ్చింది. పాట నిడివి ఆరు నిమిషాలు. దాని మనసు దానికి బాగులేదు, దాన్ని ఏమనగలను? ఆ తర్వాత ఎవరికీ పంపలేదు.

ఒక్కదాన్నే ఉండడం నాకు కొత్త కాదు. కానీ పాట బాగుండి దాన్ని వెక్కిరించే మనిషి లేకపోతే ఇంట్లో ఆ పాటకి కూర్చునే చోటుండదు. అయిపోయాక గోడలే కనిపిస్తాయి.

అక్టోబరు మొదటి శుక్రవారం ఒక పాట దొరికింది. ఏదో ద్వీపం వాళ్ళది. పండు ముసలావిడ గొంతు. మాటలు లేవు, రాగమే. వెనక వాన, కప్పలు. నాలుగుసార్లు విన్నాను. ఇది వినాల్సిన మనిషి ఒక్కరే ఉన్నారు. పై శుక్రవారం, అంటే అక్టోబరు పదిన, స్పీకరు సంచిలో వేసుకుని నౌపడ బండి ఎక్కాను. బండి పదకొండు నిమిషాలు లేటు.

ఆవిడ వాకిట్లో చోళ్ళు ఎండబోస్తోంది. నన్ను చూసి చేట కింద పెట్టేసింది.

“ఓలమ్మో! నువ్వేటి వదినా, ఇలాగొచ్చినావు? ఎవలైనా సూసినారేటి?”

“ఆటోవాడు చూశాడు. నేనెవరో వాడికి తెలీదులే.”

“ముందు లోపలికి రా.”

లోపల కూర్చోకుండానే స్పీకరు తీసి చూపించాను. “ఇదెందుకు తిప్పి పంపావు?”

ఆవిడ నుదురు కొట్టుకుంది. “ఇది నీ కాడున్నాదా! ఇల్లంతా ఎతికినాను కదే! బిందిలో పెట్టి ఇనేదాన్ని వదినా. బిందిలో పెడితే గొంతు గుండ్రంగా వస్తాది, గుళ్ళో పాడినట్టు. ఆ దినం మా మరుదులు బింది ఎత్తి బండిలో పడీసినారు. లోపలికి సూసినోడెవడు?”

“మరి పాటెందుకు పంపలేదు?”

“నేనెలాగ పంపుతాను? ముందు నువ్వు పంపాల కదా. శుక్రోరం శుక్రోరం ఫోను సూసుకున్నాను. రాలేదు. నీకు కోపమనుకున్నాను.”

“ఆడపిల్లవాళ్ళు ముందు పంపాలన్నావు. నేనింకా ఆడపిల్లవాళ్ళనా?”

ఆవిడ ఆలోచించింది. “అదీ నిజమే. అలాగైతే ఎవలు ముందు పంపాల?”

స్పీకరు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

మంచినీళ్ళిచ్చి, ఆవిడ నిదానంగా చెప్పింది. వాళ్ళబ్బాయికి ఇంకో సంబంధం ఖాయమైంది. మాఘంలో పెళ్ళి. మా నంబరు ఆవిడ ఫోనులోంచి వాడే తీసేశాడు. కొత్తవాళ్ళు ఏమనుకుంటారోనని.

“కొత్త వియ్యపురాలికి పాటలంటే ఇష్టమేనా?” అన్నాను.

“సీరియల్లు సూస్తాదంట. నాతో గంట మాటాడినాది, అన్నీ అత్తా కోడళ్ళ కొట్లాటలే. బెదిరిపోనాను.”

ఇద్దరం నవ్వాం. ఇత్తడి బిందె నా దగ్గరుంది కనుక ఆవిడ ఒక అల్యూమినియం గిన్నె తెచ్చింది. స్పీకరు అందులో పెట్టి ద్వీపం పాట వేశాను. గొంతు గుండ్రంగా రాలేదు, రేకులా వచ్చింది. ఆవిడ చివరిదాకా వింది.

“ముసల్ది పళ్ళు కట్టించుకోలేదు వదినా. గాలంతా బయటికెల్లిపోతన్నాది.”

రెండోసారి తనే వేయమంది. అయ్యాక గిన్నె అంచు పట్టుకుని గొంతు తగ్గించింది.

“ఎవలినో పిలస్తన్నాది. ఆ మనిషి రాలేదు.”

లేచేటప్పుడు స్పీకరు ఉంచుకోమన్నాను. ఒప్పుకోలేదు. “ఇక్కడుంటే ఏటని అడుగుతారు. నీ కాడే ఉండనీ. పెళ్ళయినాక నేనే ముందు పంపుతాను. నీ నంబరు రాసియ్యి” అంది. రాసిచ్చాను. ఆవిడ ఆ కాగితం మడిచి బియ్యం డబ్బాలో పెట్టింది.

మాఘంలో పెళ్ళి అయింది. ఆ సంగతి మా అమ్మాయే చెప్పింది, ఎవరి గురించో చెప్పినట్టు. ఆ శుక్రవారం ఫోను దగ్గర కూర్చున్నాను, పై శుక్రవారం కూడా. మాఘం వెళ్ళి ఫాల్గుణం కూడా వెళ్ళింది. బియ్యం డబ్బా నిండుతుంది, ఖాళీ అవుతుంది. ఆ కాగితం తెల్లగానే ఉందో, బూజు పట్టిందో, పురుగు తినేసిందో నాకు తెలియదు. నేను ముందు పంపకూడదు. ఈసారి తనే పంపుతానంది.

పోయినవి: పెద్దలు కూర్చున్నప్పటి నుంచి నేను నౌపడ వెళ్ళేదాకా ఎవరు ముందు పంపాలో తేలక ఊరికే పోయిన శుక్రవారాలు, ముప్పై అయిదు. వాటికి నేను ఏరి పెట్టుకున్న పాటలు, ముప్పై అయిదు. ఆవిడ పంపవలసినవి, ముప్పై అయిదు. నా పాటల మీద ఆవిడ తీర్పులు, పాటకి రెండు చొప్పున డెబ్భై. ద్వీపం పాటకి రెండూ దక్కాయి కనుక అరవై ఎనిమిది. వియ్యపురాలు, ఒకరు.

స్పీకరు పోలేదు. బిందెలోనే ఉంది.