వెనిగర్ ఒలికిన మూడు చీటీలు

కపితొలీనా యెగొరొవ్నాది ఒకటే పట్టు. కళ్ళెదుట చూపించలేనిదాన్ని ఇంగ్లీషులో పలకనివ్వదు. ఆకాశం ఊడిపడినా పలకనివ్వదు. "ఆపిల్ ఎర్రగా ఉంది" అనాలంటే ఆపిల్ తేవాలి. "నీళ్ళు మరుగుతున్నాయి" అనాలంటే స్టవ్వు వెలిగించాలి. "నేను రాణిగారిని చూశాను" అని ఒకాయన అన్నందుకు, రాణిగారిని తీసుకొచ్చేదాకా క్లాసులోకి రావద్దని పంపేసింది. ఆయన మళ్ళీ రాలేదు.

కామా నది ఒడ్డున ఉన్న ఆ సోడా ఫ్యాక్టరీ ఊళ్ళో, కార్మికుల క్లబ్బు మేడమీద గదిలో ఆవిడ ముప్పై ఏళ్ళుగా సాయంత్రం తరగతులు నడుపుతోంది. చవగ్గా చూపించడానికి వీలైన శాస్త్రాలు లోకంలో రెండేనని ఆవిడ తీర్మానం. ఒకటి రసాయనశాస్త్రం, రెండోది అర్థశాస్త్రం. మొదటిదానికి ఒక క్యాబేజీ చాలు. రెండోదానికి ఆ క్యాబేజీ కోసం కొట్టుకునేవాళ్ళు ఇద్దరు చాలు.

తైసియా ఆ క్లాసులో చేరింది ముచ్చటపడి కాదు. ఫ్యాక్టరీ లాబరేటరీలో తొమ్మిదేళ్ళుగా సీసాలు కడిగి కడిగి ఆమె వేళ్ళు అరిగిపోయాయి. ఈమధ్య విదేశాల నుంచి కొత్త యంత్రం వచ్చింది. దాని వెంట వచ్చిన పుస్తకమంతా ఇంగ్లీషు. అది చదవగలిగినవాళ్ళకే యంత్రం మీద ఉద్యోగం. అందుకు ఈ కోర్సు పరీక్షలో ఐదుకి కనీసం నాలుగు మార్కులు రావాలి. మూడు వస్తే మళ్ళీ సీసాలే.

మొదటిరోజు బాయిలర్ దగ్గర పనిచేసే రొదియోన్ లేచి, బడిలో బట్టీపట్టిన పాఠం అందుకున్నాడు. "నా ఇల్లు. మా ఇంట్లో మూడు గదులున్నాయి..."

"ఏవీ ఆ గదులు?" అంది కపితొలీనా యెగొరొవ్నా.

"అంటే... పుస్తకంలో, టీచరమ్మా."

"పుస్తకంలో ఉంటే వెళ్ళి పుస్తకంలోనే పడుకో. ఇక్కడ మాత్రం ఈ గ్లాసు పట్టుకో."

గ్లాసులో ఊదారంగు క్యాబేజీ రసం. ఆవిడ అందులో నాలుగు చుక్కలు వెనిగర్ వేసింది. రొదియోన్ కళ్ళు ఇంతింత చేసి, "అమ్మ బాబోయ్, ఎర్రబడింది!" అన్నాడు.

"ఆ అఘోరించేదేదో ఇంగ్లీషులో అఘోరించు!"

అఘోరించాడు. పక్క గ్లాసులో వంటసోడా వేస్తే రసం ఆకుపచ్చగా మారింది. అదీ అఘోరించాడు. గంట తిరిగేసరికి ఆమ్లమేదో క్షారమేదో పన్నెండుమందీ ఇంగ్లీషులో వాదించుకుంటున్నారు. తైసియాకు మాత్రం తాను పిచ్చివాళ్ళ చేతిలో పడ్డానేమోనని దిగులు పట్టుకుంది.

క్యాబేజీలు తెచ్చే పూచీ అదే క్లాసులో చదివే ఫ్యాక్టరీ క్యాంటీన్ వంటమనిషి న్యూరాది. చలికాలం సగమయ్యేసరికి క్యాంటీన్‌లో క్యాబేజీ అన్న వంటకమే మాయమైంది. క్లబ్బంతా వెనిగర్ వాసన. కింది హాల్లో సినిమా చూసేవాళ్ళు ఏడుపు సీను రాకముందే కళ్ళు తుడుచుకునేవారు. మేనేజరు పైకొచ్చి, "టీచరమ్మా, కిటికీ అయినా తీయండి" అని బతిమాలితే, "బయట మైనస్ ముప్పై డిగ్రీల చలి. నా వాళ్ళు గడ్డకడతారు. వాసనకి ఎవడూ చావలేదు, పోండి!" అని తలుపేసేసింది.

అర్థశాస్త్రం రోజున టీచరమ్మ బల్లమీద, న్యూరా వండితెచ్చిన వేడివేడి చేప పిరోగ్, అంటే చేప కూరి కాల్చిన పెద్ద రొట్టె, పెట్టేది. తలా ఇరవై పొద్దుతిరుగుడు గింజలు పంచేది. అదే డబ్బు. వేలం పాట ఇంగ్లీషులో.

"పది!" అంది న్యూరా.

"పన్నెండు!" అంది తైసియా.

"రొదియోన్, నువ్వు?"

రొదియోన్ నోటినిండా ఏదో ఉంది. "నా దగ్గర లేవు, టీచరమ్మా."

"ఇరవై ఇచ్చానే! ఏం చేశావు?"

"ఊరికే కూర్చున్నా కదా... తినేశా."

కొడుతుందేమో అనుకున్నారు. ఆవిడ ఆనందంతో ఎగిరి గంతేసింది. "చూశారా! డబ్బు తినేశాడు! అందరూ సగం తినేయండి! ఇప్పుడు ధరేమవుతుంది?"

ధర దబ్బున పడింది. తైసియా ఆరు గింజలకే పిరోగ్ మొత్తం కొని, ఎందుకు చవగ్గా వచ్చిందో అయిదు నిమిషాలు వివరించింది. కూర్చున్నాక గాని తెలియలేదు, అదంతా తాను ఇంగ్లీషులోనే చెప్పానని. మరుసటి వారం రొదియోన్ ఇంకో ఘనకార్యం చేశాడు. ఇంటినుంచి జేబునిండా గింజలు తెచ్చాడు. పిరోగ్ ధర నాలుగు వందలు పలికింది. దొంగనోట్లు తెచ్చినందుకు ఆరోజు అతనికి ముక్క దక్కలేదు.

జూన్‌లో పరీక్షలొచ్చాయి. బల్లమీద పచ్చబట్ట, నీళ్ళ కూజా, పూలగుత్తి, బోర్లించి పరిచిన చీటీలు. ఎవరు ఏ చీటీ తీస్తే ఆ విషయం మీద మాట్లాడాలి. పై ఆఫీసునుంచి వచ్చిన పరీక్షాధికారి వలెర్యాన్ ప్లతోనొవిచ్. నవ్వడానికి కూడా పైనుంచి ఉత్తర్వు రావాలనే రకం. మొదటి పిలుపు తైసియాకే. ఆమె లోపలికి వచ్చేసరికి ఆయన చీటీలు లెక్కపెడుతున్నాడు.

"ముప్పై ఉండాలి. ఇరవై ఏడే ఉన్నాయి."

"వెనిగర్ ఒలికింది" అంది కపితొలీనా యెగొరొవ్నా.

"నిరుడూ ఒలికింది. అంతకుముందేడూ ఒలికింది. ప్రతి ఏడూ ఆ మూడింటి మీదే ఒలుకుతుందేం? ఏడు, పదకొండు, పంతొమ్మిది!"

"నా వెనిగర్ చదువుకున్నది. ఎక్కడ ఒలకాలో దానికి తెలుసు."

"మీమీద ఫిర్యాదు రాస్తాను, కపితొలీనా యెగొరొవ్నా గారూ."

"రాయండి. తప్పులుంటే దిద్దిపెడతాను."

వలెర్యాన్ ప్లతోనొవిచ్ సంచిలోంచి మూడు కొత్త చీటీలు తీసి, గట్టిగా పైకి చదివి మరీ కలిపాడు. "నా కుటుంబం. నా ఇల్లు. నా వేసవి సెలవులు. ఇంత తేలికైనవాటినా పాడుచేసేది!"

తైసియా చీటీ తీసింది. ఏడో నంబరు. నా కుటుంబం.

ఆ పాఠం ఆమెకు నిద్రలో లేపి అడిగినా వచ్చు. ఆమె పెరిగిన అనాథాశ్రమంలో నలభైమంది పిల్లలూ వరసలో నిలబడి ఇంగ్లీషులో అదే వల్లించేవారు. మా నాన్న ఇంజనీరు, మా అమ్మ డాక్టరు, మా కుక్క పేరు షారిక్. నలభైమందికీ ఒకే నాన్న, ఒకే అమ్మ, ఒకే కుక్క. అది వల్లించేస్తే ఐదుకి ఐదు ఖాయం.

నోరు తెరిచింది. అప్పుడు తట్టింది ఆమెకు. పెళ్ళాం గెంటేశాక రొదియోన్ బాయిలర్ గది మూల మడతమంచం వేసుకుని బతుకుతున్నాడు. అతనికి 'నా ఇల్లు'. పదకొండేళ్ళుగా ఒక్క వేసవిలోనూ సెలవెరగని న్యూరాకు 'నా సెలవులు'. తనకేమో 'నా కుటుంబం'. అందుకా ముప్పై ఏళ్ళుగా ఈ వెనిగర్? క్యాబేజీ రసం ముందు ఇల్లున్నవాడూ లేనివాడూ ఒకటేననా? టీచరమ్మ కిటికీలోంచి ఎటో చూస్తూ, ఏమీ ఎరగనట్టు జేబురుమాలు నలుపుతోంది. తైసియాకు ఆవిడమీద ప్రేమ పొంగింది, దాని వెనకే మొండితనమూ పొంగింది.

"నేను కళ్ళతో చూడనిది చెప్పను" అంది. "మా టీచరమ్మ ఒప్పుకోదు."

"అయితే రెండు మార్కులు వేసి పంపిస్తాను" అన్నాడు వలెర్యాన్ ప్లతోనొవిచ్.

"ఉండండి. చూపిస్తాను."

వెళ్ళి ఒక్క ఉదుటున తలుపు తీసింది. సందులోంచి చూస్తున్న రొదియోన్ ముందుకు బోర్లాపడ్డాడు. అతనిమీద న్యూరా, ఆమెమీద ఇంకో నలుగురు.

"ఇదిగో, నా కుటుంబం" అంది తైసియా ఇంగ్లీషులో. "కిందున్న ఇతను డబ్బు తినేస్తాడు, అందువల్ల ధరలు తగ్గుతాయి. ఈవిడ దగ్గర ఎప్పుడూ గిరాకీ కంటే సరఫరా ఎక్కువ, అందువల్ల మేం లావెక్కుతున్నాం. రోజంతా పనిచేసి మేం ఆమ్లంలా పుల్లగా ఇక్కడికి వస్తాం. ఈ గదిలో మామీద కాస్త సోడా పడుతుంది. బుసబుసా పొంగుతాం. తరవాత ఎవరినీ మండించకుండా ఇంటికి పోతాం. మా కుటుంబానికి వెనిగర్ వాసన. మొత్తం పన్నెండుమందిమి. చెప్పడం అయింది."

వలెర్యాన్ ప్లతోనొవిచ్ కళ్ళజోడు తీశాడు, తుడిచాడు, పెట్టుకున్నాడు. ఏ ఉత్తర్వూ రాకుండానే మూతి ఒక పక్కకి కదిలింది. సంచి తెరిచి, తాను కలిపిన మూడు చీటీలూ ఏరి అందులో పడేశాడు. కలం తీసి మార్కుల పుస్తకంలో ఐదు వేయబోయాడు.

"ఆగండి!" అంది కపితొలీనా యెగొరొవ్నా. "నాలుగు వేయండి."

"మీ మనిషికి మీరే మార్కు కోస్తారా?"

"కొయ్యనూ మరి? లెక్క తప్పింది. పన్నెండుమంది అంటుందా? మరి నేనెవర్ని, గోడకున్న మేకునా? పదమూడు!"

నాలుగే వేశాడు. యంత్రం మీద ఉద్యోగానికి అది చాలు.